తోక కొసన మిగిలిన కుబుసం

2008 చలికాలంలో అమెరికాలో నోవై అనే ఊళ్ళో నేను ఒక్కడినే ఉండేవాణ్ణి. నాతో పాటు గాజు పెట్టెలో నాలుగడుగుల కార్న్ స్నేక్ ఒకటి ఉండేది. నారింజ రంగుది, విషం లేనిది. అంతకు ముందు ఒక రూమ్మేట్ కూడా ఉండేవాడు. పాము తిండికని కొన్న చచ్చిన ఎలుకలను ఫ్రీజర్‌లో అతని పరోటాల పక్కన పెట్టానని మార్చిలో వెళ్ళిపోయాడు. వాటిని మూడు కవర్లలో చుట్టి పెట్టాను. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. గుడి క్యాంటీన్‌లో పది మంది ముందు నన్ను పాములోడు అన్నాడు. వెళ్తూ నా కుక్కర్ విజిల్ కూడా పట్టుకెళ్ళాడు. కుక్కర్ వదిలేసి విజిల్ తీసుకెళ్ళిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

డిసెంబర్‌లో పాము కుబుసం విడిచింది. ఎప్పుడూ మేజోడు తీసినట్టు ఒకే ముక్కగా వచ్చేది. ఆ సారి హీటర్ వేడికి గదిలో గాలి పొడిబారి, ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక కొసన మాత్రం ఉంగరంలా బిగుసుకుపోయింది. అలాగే వదిలేస్తే రక్తం ఆడక కొస నల్లబడి రాలిపోతుందని చదివాను. పాముల్ని చూసే డాక్టర్ సోమవారం దాకా లేడు.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒంటి మీద ఏది పొడిబారినా కొబ్బరినూనే మందు. సీసాలో గడ్డకట్టిన నూనెను హీటర్ దగ్గర పెట్టి కరిగించి, పాముకి తల నుంచి తోక దాకా పట్టించాను. కుబుసం మెత్తబడలేదు. పాము మాత్రం చేతిలో నిలవడం మానేసింది. తడి తువ్వాలుతో పట్టుకోబోతే జారిపోయి మంచం కింద దూరింది. మర్నాటికి తోక కొస రంగు తగ్గింది. ఇంకో రెండు చేతులు కావాలి.

ఫోన్‌లో నంబర్లన్నీ చూశాను. ఇద్దరు ఇండియాలో ఉన్నారు. ఒకడు ఫోన్ ఎత్తలేదు. అదీ గుర్తుంది. చివరికి తొమ్మిది నెలలుగా మాట్లాడని ఆ రూమ్మేట్‌కే చేశాను.

"అరే, పాములోడా! ఇంకా ఉన్నవ్‌రా నోవైలో?"

"పాము తోక పోయేలా ఉంది. నువ్వొచ్చి పట్టుకోవాలి."

"నేనా? పామునా? పాగల్ గిట్ల అయినవా?"

బతిమాలడం నాకు రాదు.

"కార్ మీద స్నో క్లీన్ చేసి వస్త. ఆగు," అన్నాడు.

మంచు తవ్వేటప్పుడు వేసుకునే లావుపాటి గ్లోవ్స్ తొడుక్కుని వచ్చాడు. మొహం గోడ వైపు తిప్పుకుని, తువ్వాలులో చుట్టిన పాముని పట్టుకున్నాడు.

"ఏం రాసినవ్‌రా దీనికి? మా నాయనమ్మ జడ లెక్క వాసనొస్తుంది."

"కొబ్బరినూనె."

"మరి జడ గూడ ఎయ్యకపోయినవా!"

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. గోరువెచ్చని నీళ్ళతో నూనె కడిగి, తోకను నానబెట్టి, తడిగుడ్డతో కొస వైపు మెల్లగా రుద్దాను. అరగంటకి ఆ ఉంగరం కదిలి, ఊడి నా వేళ్ళ మధ్యకి వచ్చింది. కింద చర్మం పాలిపోయి ఉంది, కానీ నల్లబడలేదు.

"అయిందా? ఇటు తిరగొచ్చా?"

"అయింది."

అతను ఒక గ్లోవ్ తీసి, ఒక్క వేలితో పాము వీపు తాకాడు. "మెత్తగుందిరా," అన్నాడు. తర్వాత సోఫాలో తన పాత చోటనే కూర్చుని, "చాయ్ పెడ్తవా?" అని అడిగాడు.

క్యాంటీన్‌లో అన్న మాటకి సారీ చెబుతాడేమోనని కాసేపు చూశాను. చెప్పలేదు.

"నా కుక్కర్ విజిల్ నీ దగ్గరుంది," అన్నాను.

"దానికే పిలిచినవా?"

"కాదు. కానీ అది నాది."

అతను గ్లోవ్ తొడుక్కుని లేచాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. స్టవ్ మీద గిన్నెలో రెండు కప్పుల నీళ్ళు అప్పటికే పెట్టి ఉంచాను. అది అతను చూడలేదు.

ఫిబ్రవరిలో పాము మళ్ళీ కుబుసం విడిచింది. ఈసారి పెట్టెలో తడి నాచు పెట్టాను. తల నుంచి తోక కొస దాకా ఒకే ముక్క. కిటికీ దగ్గర పరిచి ఫోన్‌తో ఫొటో తీశాను. అతని నంబర్ దాకా వెళ్ళి ఆగాను. విజిల్ ఇంకా రాలేదు.