వెనక అట్ట మీద మామిడి పిందె

చదివిన నవలే మళ్లీ తెచ్చుకోకుండా, మా బందరు అద్దె పుస్తకాల షాపులో తిరిగిచ్చేముందు వెనక అట్ట లోపల ఎవరి గుర్తు వాళ్లం పెట్టుకుంటాం. నాది కలంకారీ చీర మీద ఉండే మామిడి పిందె.

నిన్న వెనక అట్ట తిప్పి చూడకుండానే తెచ్చుకుని ఏకబిగిన చదివింది మాయల నవల. నలభై అయిదేళ్లావిడ తన పాత ముఖాన్ని సముద్రానికిచ్చేసి, కొత్త ముఖంతో కొత్త బతుకు మొదలుపెడుతుంది. కథలో ఒక్క ముక్క కూడా నాకు ముందు తెలీదు.

ఇవాళ సాయంత్రం గుర్తు పెడదామని షాపులో అట్ట తిప్పాను. పిందె అప్పటికే ఉంది. దాని కింద నా చేతిరాతే: "రేపటి నుంచి నేను కూడా."

"ఇదెవరు రాశారండీ?" అన్నాను షాపాయనతో.

"మీరేగా! చాలా ఏళ్లయిందిలెండి. అప్పుడూ ఇక్కడే, ఇలాగే నిలబడిపోయారు."

ఆ రేపు ఏమైందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పిందె కూడా పెట్టకుండా వచ్చేశాను.

మీకూ పాత అద్దె పుస్తకాలు కనిపిస్తే, వెనక అట్ట తిప్పి చూసి ఏం రాసుందో చెప్పండి. నేను మాత్రం ఇక చూడను. ఇవాళ పెన్ను తీసింది కూడా సరిగ్గా ఆ మాటే రాద్దామని.