పట్టా మార్చాలె

మా పాత కారు మలుపుల దగ్గర మూలగడం మొదలుపెట్టినప్పుడు మా ఆయన దానికి ఒకే మందు చెప్పాడు: అమ్మేద్దాం. ఆయనకు అది ఇంటి ముందు చోటు తినే ఇనుము. నాకు మాత్రం రోజూ గోండ్‌పిప్రి దాకా తీసుకెళ్ళే బండి. అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. కారు రాకముందు ఏళ్ళ తరబడి బస్సులో ఒంటికాలి మీద వేలాడుతూ వెళ్ళినదాన్ని. మళ్ళీ ఆ ముచ్చట తీర్చుకునే ఉద్దేశం నాకు లేదు.

మూలుగుతో పాటు స్టీరింగ్ కూడా బరువెక్కింది. కాలేజీ గేటు ముందు కారు వెనక్కి తిప్పాలంటే తిరగలి తిప్పినట్టు బలమంతా పెట్టాల్సి వచ్చేది. చంద్రపూర్‌లో మా వీధి చివరి గ్యారేజీ మేస్త్రి బానెట్ ఎత్తకుండానే మరాఠీలో తీర్పు చెప్పేశాడు. "మాడమ్, రాక్ గేలా." రాక్ అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తోసే సరంజామా. అది పోయిందట. పాత కారుకు అంత పెద్ద పని దండగట. ఈ మాట వినగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికల్లా కొనేవాణ్ణి కూడా వెతికి పట్టుకున్నాడు. ఆదివారం వచ్చి చూసుకుంటాడట.

రోజూ ఆ కారు నడిపేది నేను. నిలిపి ఉంచి తిప్పితే స్టీరింగ్ మొండికేస్తుంది, యాక్సిలరేటర్ కాస్త నొక్కితే తేలికవుతుంది. రాక్ పోయి ఉంటే ఇంజన్ వేగం పెరగ్గానే ఎందుకు బాగుపడుతుంది? ఇంజన్‌తో పాటు తిరుగుతూ, నూనెను తోసి స్టీరింగ్‌కు బలమిచ్చేది పంపు. నీరసపడింది అదే. మర్నాడు ఒక్కదాన్నే గ్యారేజీకి వెళ్ళి ఈ మాటే వాదించాను. పక్క టీ బండి దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకుని మా వైపు తిరిగి నిలబడేదాకా వాదించాను. చివరికి మేస్త్రి బానెట్ ఎత్తాడు. డబ్బాలో నూనె నల్లబడి నురగ కట్టి ఉంది, పంపును తిప్పే బెల్టు పగుళ్ళు బారి ఉంది. "పంప్ పణ్ అసేల్," అన్నాడు, పంపు కూడా అయ్యుండొచ్చని నాకేదో దానం చేసినట్టు.

అక్కణ్ణించే మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఫోన్ ఇంట్లో వదిలి బయటికి వెళ్ళాడట, ఎత్తింది మా అత్తగారు. మా అత్తవారి ఊరు విరూర్ నుంచి వచ్చి కొన్నాళ్ళుగా మా దగ్గరే ఉంది.

"అత్తమ్మా, ఆయన రాంగనే చెప్పు. అమ్ముడు గిమ్ముడు ఏం లేదు. పట్టా మార్చాలె, పంపు మార్చాలె, గంతే."

చంద్రపూర్ గ్యారేజీల్లో మరాఠీ మాట్లాడీ మాట్లాడీ నా నోట్లో బెల్టు ఎప్పుడో పట్టా అయిపోయింది. విరూర్‌లో పట్టా అంటే పొలం కాగితం. పంపు అంటే బోరు మీది మోటారు. కోడలు పొలం పేరు మార్పించుకుని బోరు మోటారు కూడా పీకించబోతోందని అత్తగారు ఊళ్ళో ఉన్న తన పెద్దకొడుక్కి కబురు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే రైలు దిగి బావగారు వచ్చేశారు. చెప్పులు విడవకముందే మొదలుపెట్టారు.

"ఏందమ్మా, పట్టా ఎవల పేరు మీదికి మారుస్తున్నవ్?"

"కారుకు మారుస్తున్న, బావా."

"కారు పేరు మీద పొలం రాస్తవా?"

"పొలం ముచ్చట ఎవలు తీసిండ్రు? కారుల తిరిగే బెల్టు అది. మరాఠీల పట్టా అంటరు గదా."

"మరి పంపు?"

"అదీ కారుదే."

ఆయన తల్లి వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంది. "గది తెలుగుల చెప్పచ్చు గద. నాదేం తప్పు?"

బావగారు నవ్వి చల్లబడ్డారు గానీ అంత దూరం వచ్చిన మనిషిని ఊరికే పంపడం నాకు నచ్చలేదు. మేమిద్దరమే ఉంటే మా ఆయన 'నీకేం తెలుసు' అని లేచిపోతాడు. అన్న ముందు లేవలేడు. అన్న ముందు నేనూ ఆయన్ని మీరు అంటాను. అన్నదమ్ములిద్దర్నీ కారు దగ్గరికి తీసుకెళ్ళి, తాళం మా ఆయన చేతిలో పెట్టాను.

"మీరే కూసోండ్రి. స్టార్ట్ చేసి తిప్పుండ్రి."

కూర్చున్నాడు. పంపు మూలిగింది, ఆయనా మూలిగాడు, చక్రాలు జానెడు కదిలాయి. "సూసినవా? రాక్ పోయిందంటే ఇనవు."

"ఇప్పుడు జర రేస్ ఇచ్చి తిప్పుండ్రి."

ఇచ్చాడు. స్టీరింగ్ మారుమాట లేకుండా ఆ చివరిదాకా తిరిగింది.

"రేస్ ఇయ్యంగనే సచ్చిన రాక్‌కు పాణమొచ్చిందా?"

ఆయన ఇంజన్ ఆపాడు. బావగారు కిటికీ దగ్గర వంగి, "తమ్మీ, దిగు. పంపు ఏపియ్యి," అన్నారు.

వేయించాను. కొత్త పంపు, కొత్త బెల్టు. మేస్త్రి పాత నూనె మీదే కొత్తది పోయబోయాడు. అంతా తీయించాను. ముందు చక్రాలు పైకెత్తించి, నూనెలో బుడగలు ఆగేదాకా స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించాను. మూలుగు పోయింది.

ఆదివారం కొనేవాడు వచ్చాడు. పక్కన కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పాను. ఆటోలకూ కూరగాయల బండ్లకూ మధ్య ఒంటిచేత్తో కారు వెనక్కి మళ్ళించి మరీ తిప్పాను. దిగేటప్పటికి అతను ఇల్లు దొరికినంత సంబరంలో ఉన్నాడు.

"మస్తుంది బండి. ఎప్పుడు తీస్కపోవాలె?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన గేటు గొళ్ళెం కాసేపు ఆడించాడు. "బండి ఆమెది. ఆమెనే అడుగు."

"గా ముక్క మొన్ననే అనుంటే," అన్నాను, "పాపం ఈయన ఆదివారం దండుగ కాకపోతుండె."