గంజి పెట్టిన బండి

అప్పట్లో, అంటే గద్వాలలో సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకు తిరిగే రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, డిగ్రీ పూర్తి చేసి ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరిన మొదటి ఏడాది మనిషికి అంత ధైర్యం ఉంటుంది మరి. ప్లాస్టిక్ వల్ల భూమికి ఎంత చేటో బళ్ళో పిల్లలకు చెప్పింది చాలక, అమ్మ పాలిథిన్ సంచిలో వంకాయలు తెస్తే నా ఉపన్యాసం పూర్తయ్యేదాకా పొయ్యి వెలిగించనిచ్చేదాన్ని కాదు. (ఆ తర్వాత అమ్మ ఆ సంచులన్నీ పక్కింట్లో దాచిపెట్టి, వట్టి కూరగాయలు కొంగులో పోసుకుని వచ్చేదట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.) అలాంటి నేను మా అవ్వ కోసం ఒక డొక్కు వ్యానుకు లోపలంతా గొర్రె ఉన్ని అంటించాను. ఎందుకు అంటించానో మొదటినుంచీ చెబితే తప్ప ఎవరూ నమ్మరు.

అవ్వ మా నాయన తల్లి. మా ఇంట్లో అందరూ చీరలు నేసేవాళ్ళే. అవ్వ కూడా పెద్దతనం వచ్చేదాకా కండెలు చుట్టి చుట్టి, ఒక రోజు గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖానలో అతికించారు గానీ, ఆ తర్వాత ఆవిడ పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయేది. పడుకుంటే నొప్పి లేదు, కూర్చుంటే ప్రాణం పోతుంది. అట్లాంటి సమయంలో బల్మూరు నుంచి కబురొచ్చింది. అక్కడ అవ్వకు ఒక్కగానొక్క చెల్లెలు ఉంది, మేము చిన్నవ్వ అనేవాళ్ళం. ఆవిడకు కండ్లలో నీటి కాసులొచ్చి చూపు సన్నగిల్లుతోందనీ, ఉన్న కాస్త చూపూ వానాకాలం దాకా నిలిచేది అనుమానమేననీ, పోయేలోపల అక్క మొహం ఒక్కసారి చూపించమని రోజూ ఏడుస్తోందనీ ఆవిడ కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ వద్దామంటే చూపు లేక బస్సు ఎక్కలేదు, ఈవిడ పోదామంటే బస్సులో కూర్చోలేదు. అవ్వ ఏడవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. బల్మూరుకు ఏ దారిన పోతే దగ్గరో మాత్రం వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగేది. ఆ దారి ఆవిడకు తెలియనిది కాదు, అందుకే నేను వినలేకపోయేదాన్ని.

అప్పుడు నా చూపు డబ్బా మామ మీద పడింది. మా అమ్మ తమ్ముడు. ఆయన దగ్గరున్న వ్యాను మొదట బడిపిల్లలను మోసి, తర్వాత బేకరీ రొట్టెలు మోసి, ఆఖరుకు ఏదీ మోయలేని స్థితిలో మా వీధి చివర నిలబడి ఉండేది. దాన్ని అందరూ డబ్బా అనేవాళ్ళు, ఆయనకూ ఆ పేరే ఖాయమైంది. వెనక సీట్లు పీకేసి మంచం వేస్తే అవ్వ పడుకునే బల్మూరు చేరుతుంది. చిక్కల్లా మే నెల ఎండ. ఆ రేకుల మీద చెయ్యి పెడితే తోలు ఊడొచ్చేది, లోపల పడుకోబెడితే మనిషి ఉడికిపోతుంది. (చల్లగా ఉండే రాత్రి పూట పోవచ్చు కదా అని మీరు అడుగుతారని తెలుసు. ఆ వ్యానుకు హెడ్‌లైట్లు ఉన్నమాట నిజమే, వెలిగేవని మాత్రం చెప్పలేను.) రేకుకు థర్మాకోల్ అంటిస్తే వేడి దిగదని రాయచూరులో ఒక మెకానిక్ చెప్పాడని మామ అన్నాడు. థర్మాకోల్ అన్న మాట వినగానే నా ఒళ్ళు మండిపోయింది. ఏడాదంతా ఏ వస్తువును తిట్టి పాఠం చెప్పానో అదే తెచ్చి మా అవ్వ నెత్తిన పెడతానా అని మొండికేశాను. గొర్రె ఉన్ని పెడదామన్నాను.

ఇల్లంతా నన్ను జాలిగా చూసింది. ఎండాకాలంలో బండికి గొంగడి కప్పే పిల్లను ఎవరు చేసుకుంటారు అని అమ్మ దిగులు. ఇక లాభం లేదని, ఐసు బండివాడి దగ్గర రెండు గడ్డలు తెచ్చి, ఒకటి గొంగట్లో చుట్టి, ఒకటి వట్టిదే నడి ఎండలో పెట్టాను. మా వీధి మొత్తం చుట్టూ చేరింది. వట్టిది నీళ్ళై పారింది. గొంగడి విప్పితే రెండోది చాలామట్టుకు మిగిలే ఉంది. ఉన్ని లోపల గాలి చిక్కుకుంటుంది కాబట్టి వేడి ఇటునుంచి అటు పోదని నేను చెబుతుండగానే అవ్వ ఆ గడ్డను మజ్జిగలో వేయించుకుని తాగేసి, పని మొదలుపెట్టమంది.

ఉన్నికి ఇబ్బంది రాలేదు. నేసిన గొంగళ్ళు కొనేవాళ్ళు తగ్గిపోయి, ఊళ్ళల్లో కత్తిరించిన ఉన్ని మూటలు మూలన పడి ఉంటున్న కాలమది. గొర్రెలు కాసే ఒక కురుమ ఇంట్లో అడిగితే నల్లదీ తెల్లదీ కలిసిన ఉన్ని సంచులకొద్దీ ఇచ్చి, తీసుకుపోయినందుకు మాకే మంచినీళ్ళిచ్చి పంపారు. ఇక దాన్ని రేకుకు ఎలా నిలబెట్టాలన్నది ప్రశ్న. వెదురు బద్దలు అడ్డంగా బిగించమన్నాడు మామ. ఇక్కడే మా కులవిద్య అడ్డొచ్చింది. నేతపని చేసే ఇంట్లో గంజి మీద ఉన్న నమ్మకం మరి దేని మీదా ఉండదు. మగ్గానికి ఎక్కించే ముందు నూలును వీధి పొడుగునా చాచి గంజి పట్టించి ఆరబెడితే, దూదిలాంటి పోగు తీగలాగా నిలబడుతుంది. అది పుట్టినప్పటినుంచీ చూసినవాళ్ళం. "గంజి పట్టిస్తె పోగే బిర్రుగ నిలవడ్తది, ఉన్ని నిలవడదా?" అన్నాడు నాయన. ఆ మాటతో బద్దల సంగతి ముగిసింది. అమ్మ పెద్ద గంగాళంలో జొన్నగంజి కాచింది, నాయన మగ్గం పని ఆపి కుంచె పట్టాడు, నేను ఉన్ని పరిచి పరిచి అంటించాను. దాని మీద గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి, మళ్ళీ గంజితోనే అతికించాం. ఆరాక వేలితో కొడితే డప్పులాగా మోగింది. తలుపులు మూసి నడి మధ్యాహ్నం నేను లోపల కూర్చుంటే మా ఇంటికన్నా చల్లగా ఉంది. ఆ రోజు నాకు కలిగిన గర్వం, తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

వాసన లేదా అంటే ఉంది. లోపలికి పోయిన మనిషికి ఒక మంద మధ్యలో కూర్చున్నట్టే ఉండేది. అది రెండు రోజుల్లో పోతుందని నేనే అందరికీ హామీ ఇచ్చాను.

తెల్లారగానే బయలుదేరాం. మామ ముందు, వెనక మంచం మీద అవ్వ, పక్కన నేను. జూరాల డ్యాము మీదుగా కృష్ణ దాటి ఆత్మకూరు పోయేసరికే ఎండ ముదిరింది, ఇంజను పొగలు కక్కింది. అవ్వకు గాలి ఆడాలని వెనక తలుపులు తీసిపెట్టి, డబ్బాలు పట్టుకుని నేనూ మామా దగ్గర్లో కనిపించిన బోరింగు దగ్గరికి నీళ్ళకు పోయాం. తిరిగి వచ్చేసరికి బండి చుట్టూ గొర్రెల మంద. చుట్టూ ఉన్నవి సరే, లోపల ఉన్నవాటి సంగతే అసలు సంగతి. జొన్న అంటే గొర్రె ప్రాణం పెడుతుందని నాకు ఏ పుస్తకంలోనూ ఎవరూ చెప్పలేదు. నాలుగైదు ఎక్కేసి, మంచం మీద అవ్వను దాటుకుని, గోడలకున్న గంజిని శ్రద్ధగా నాకుతున్నాయి. ఒకటి గోనెపట్ట అంచు నోట పట్టి గుంజుతోంది. అవ్వ మాత్రం దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చుట్టాలను చూసినట్టు వాటిని చూస్తూ పడుకుని ఉంది.

ఇంతలో కాపర్లు వచ్చారు. ఆ చుట్టుపక్కల కొన్నాళ్ళుగా ఎవరో వ్యానుల్లో గొర్రెలను ఎత్తుకుపోతున్నారట. తలుపులు తెరిచిన వ్యాను, అందులో గొర్రెలు, ఆమడ దూరం కొట్టే వాసన, పైగా నీళ్ళ డబ్బాలతో పరుగెత్తుకొస్తున్న మేము. అవే ఎక్కాయని మామ అన్న మాట ఆయనకే అబద్ధంలా వినిపించింది పాపం. వాళ్ళల్లో పెద్దాయన చిరిగిన గోనెలోపల చెయ్యి పెట్టి గుప్పెడు ఉన్ని బయటికి లాగాడు. దాన్ని ఎండలో తిప్పి చూసి, ఎంతో నెమ్మదిగా అడిగాడు.

"బొచ్చు గీడున్నది. గొర్లేడున్నయ్?"

నేను ముందుకొచ్చి వేడి ప్రసరణ గురించి మొదటినుంచీ వివరించాను. ఉన్ని గుణం, చిక్కుకున్న గాలి, ఐసుగడ్డ, థర్మాకోల్ వల్ల నష్టాలు, ఏదీ వదల్లేదు. ఆయన చాలా మర్యాదగా చివరిదాకా విన్నాడు. విని, మళ్ళీ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగాడు. పోలీసు స్టేషన్ అన్న మాట వెనకనుంచి వినపడింది. అక్కడికి పోతే ఆ రోజుకు బల్మూరు మాట మరిచిపోవలసిందే, బండిలో ఎండకు అవ్వ గతేమిటో కూడా తెలియదు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. "అయ్యా, నేను మా చెల్లెను చూడనీకి పోతున్న. దానికి కండ్లు పోతున్నయ్. నాకు కూసోనికి రాదని నా మన్మరాలు గిట్ల చేసింది. మీ గొర్లను దించుకొని మమ్మల్ని తోలియ్యి."

పెద్దాయన ఒక కాలు బండిలో పెట్టి ఎక్కి, గొర్రెలను ఒక్కొక్కటే కిందికి దించాడు. ఆఖరిది దిగాక ఆయన మాత్రం దిగలేదు. పైకి చూశాడు, గోడ తడిమాడు. "లోపల జర సల్లగనే ఉన్నది," అని మిగతావాళ్ళను కూడా పిలిచాడు. ముగ్గురూ మంచం పక్కన వరసగా కూర్చుని, అవ్వతో బల్మూరు ముచ్చట్లు చెప్పించుకుని, మా నీళ్ళే తాగి, ఎప్పటికో దిగిపోయారు. ఆ రోజు నా సైన్సుకు దొరికిన మెప్పు అదొక్కటే.

కానీ జరగవలసింది జరిగిపోయింది. గోనెలన్నీ ఒకదానికొకటి కుట్టినవి కాబట్టి, పక్కగోడ అంచు ఊడేసరికి ఆ కుట్టు వెంబడే పైకప్పు కూడా వదలడం మొదలుపెట్టింది. వనపర్తి పొలిమేరలోకి వచ్చేసరికి కప్పు మొత్తం వేలాడి, అవ్వ మీద ఉన్ని కురవసాగింది. ఉన్ని పోయిన చోట రేకు పెనంలాగా కాలుతోంది. మామ బండి ఆపి, "పీకి పారేద్దం కోడలా, పరేషాన్ ఎందుకు," అన్నాడు. వద్దన్నాను. రెండు చేతులూ ఎత్తి, నడుమ నా తల ఆనించి, కప్పును రేకుకు అదిమిపట్టి నిలబడ్డాను. అట్లాగే పోనిమ్మన్నాను. వనపర్తి బస్టాండు ముందు జనం ఆగి చూశారు, చూడనిచ్చాను. నాగర్‌కర్నూల్లో మామ టీ తెచ్చి గ్లాసు నా నోటికి అందించాడు, చేతులు దించకుండానే తాగాను. గుంత వచ్చినప్పుడల్లా నా నెత్తి రేకుకు కొట్టుకునేది, ఇంత ఉన్ని నా జుట్టులో చేరేది. భుజాలు పీక్కుపోతున్నాయి. వదిలేద్దామని అనిపించిన ప్రతిసారీ కిందికి చూసేదాన్ని. అవ్వ హాయిగా నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చింది, అది అలసటో సంతోషమో నాకే తెలియలేదు.

బల్మూరు చేరేసరికి పొద్దు వాలింది. బండి చప్పుడుకు చిన్నవ్వ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ముందుగా దిగింది నేను. గంజితో బిగుసుకుని, నల్లదీ తెల్లదీ ఉన్ని నెత్తినిండా అంటుకుని, నడుము వంగిపోయి, చేతులు కిందికి రాక అట్లాగే చాచుకుని దిగాను. చిన్నవ్వ ఒక్క అడుగులో వచ్చి నన్ను వాటేసుకుంది.

"అక్కా, గింత సన్నగైనవేందే," అని ఘొల్లున ఏడ్చింది.

మామ నవ్వాలో ఏడవాలో తెలియక స్టీరింగు మీదికి వంగిపోయాడు. చిన్నవ్వ నా తల నిమిరితే గుప్పెడు ఉన్ని ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. అక్క నెత్తి ఊడిపోయిందని ఆవిడ ఇంకా గట్టిగా ఏడుస్తుంటే, బండిలోంచి అవ్వ గొంతు వినపడింది. "ఓ పిల్లా, నేను గీడున్న. గది నా మన్మరాలు."

చిన్నవ్వను పట్టుకుని లోపలికి ఎక్కించాం. ఆవిడ మంచం మీదికి వంగి, అవ్వ మొహానికి తన మొహం ఆనేంత దగ్గరగా పెట్టి, తలను ఇటూ అటూ తిప్పుతూ చూపు నిలిచే చోటు వెతుక్కుంది. ఒక చోట ఆగింది. కదలకుండా చాలాసేపు చూసింది.

"కనవడ్తున్నవ్ అక్కా," అంది.

"ఎట్లున్న?" అని అడిగింది అవ్వ.

"మనల్ని కన్న అవ్వ లెక్కనే ఉన్నవ్. గదే మొహం."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. ఆ తర్వాత మేము అక్కడ ఉన్న రోజులన్నీ ఆ అక్కచెల్లెళ్ళు ఇంట్లో పడుకోలేదు. బండిలోనే ఒకే మంచం మీద, ఆ వాసనలోనే, పొద్దంతా మాట్లాడుకుంటూ గడిపారు. ఈసారి కప్పుకు మామ వెదురు బద్దలు కొట్టాడు, నేను అడ్డు చెప్పలేదు.

చిన్నవ్వ చూపు ఆ వానాకాలంలోనే పోయింది. ఇప్పుడు అక్కా లేదు, చెల్లెలూ లేదు. నేను మొండితనం తగ్గించుకున్నాను, అంటే తగ్గించుకున్నానని నేను అనుకుంటాను, మా ఇంట్లోవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. కప్పును నెత్తితో మోసుకుంటూ ఊళ్ళు దాటిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే భుజాలకు కాస్త నూనె రాసి, కూర్చోబెట్టి అన్నం పెట్టాలనిపిస్తుంది. ఈ మధ్య పొద్దున్నే తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకుంటే, నల్లదీ తెల్లదీ కలిసిన జుట్టు కింద అవ్వ మొహం కనిపిస్తోంది. ఆ రోజు వాకిట్లో చిన్నవ్వ పొరపడలేదనీ, కాస్త తొందరపడిందనీ అనుకుని నవ్వుకుంటాను.