మేం అరవం

దుగరాజపట్నం దాటి గంటయింది. గాలి పడిపోయింది. ఒడ్డున ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని ఉప్పు పడవను కాలవలో దక్షిణానికి లాగుతున్నారు. ఎండుచేపలు అమ్మేసి ఖాళీ గంపతో పడవలో కూర్చున్న పెంచలమ్మ, ఎదుట గొడుగు పట్టుకున్న ముసలాయన్ని మూడోసారి తేరిపార చూసింది.

"మీరు ఆనందబాబు అయివారు కదా? యాభై ఒకటిలో జనాభా లెక్కలకు మా పాలెం వచ్చినారు."

"వచ్చినాను. నువ్వెవరమ్మా?"

"పోలేరయ్య పెండ్లాన్ని."

వాళ్ల పాలెం పులికాటు దక్షిణపు ఒడ్డున, మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఇండ్లలో తెలుగు, సంతలో అరవం. సరిహద్దు మళ్లీ గీస్తారని, తెలుగువాళ్లు ఎక్కువున్న ఊళ్లు ఆంధ్రాలో కలుస్తాయని కబురొచ్చింది మొదలు పోలేరయ్య వల పక్కనబెట్టి అర్జీల వెంట తిరిగినాడు. అరవై ఏప్రిల్లో గీత మారింది. ఎక్కడెక్కడి ఊళ్లో ఇటొచ్చాయి. పాలెం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

దానికి కారణం పెంచలమ్మ నోరేనని పోలేరయ్య తేల్చినాడు. అయివారు లెక్కకొచ్చిన పొద్దు మొగుడూ పెళ్లాం చిరిగిన వల దగ్గర వీధి దద్దరిల్లేలా తగువాడుకుంటున్నారు. "ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?" అని ఆయన వాకిట్లోంచి అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయిన పెంచలమ్మ, "మేం అరవం సామీ!" అనేసింది. కేకలెయ్యం అని ఆమె అర్థం. కానీ మన తెలుగువాడు పక్కవాడి భాషకు ఏ ముహూర్తాన అరవమని పేరు పెట్టినాడో గానీ, ఈ కాలవ పొడుగునా ఎంతమంది నోళ్లలో ఆ మాట అటూ ఇటూ తిరగబడిందో లెక్క తీసినవాడు లేడు. ఏళ్లతరబడి పాలెమంతా చెప్పుకు నవ్వుకున్న ఆ ముచ్చటే చివరికి నేరమైంది. పోలేరయ్య వల చుట్టుకుని వాకాడు దగ్గర అన్న ఇంటికి పోయినాడు. పోయి పద్దెనిమిది నెలలు.

"ఏం రాసుకున్నారయ్యా, ఆ పొద్దు?"

ఆనందబాబు నవ్వాపుకోలేకపోయాడు. "తెలుగనే రాసుకున్నా. అంత గొంతేసుకుని 'అరవం' అన్న మనిషిని మరిచిపోతానా? మొగుణ్ణి నువ్వు తిట్టిన తిట్లు ఇంకే భాషలోనన్నా ఉండాయా తల్లీ!"

ఆమె నవ్వలేదు. "మరి ఊరెందుకు రాలేదు?"

"మీ పాలెం విడి ఊరు కాదమ్మా. సర్కారు లెక్కలో పెద్ద ఊరికి అదొక వీధి. పెద్ద ఊరు అరవం. నువ్వేం చెప్పినా అంతే."

పెంచలమ్మ ఖాళీ గంప ఒళ్లోకి లాక్కుంది. అటుపక్క చేపలకు గిరాకీ ఎక్కువని ఇంట్లో చెప్పి, ఇప్పటికి నాలుగుసార్లు దుగరాజపట్నం వచ్చింది. ప్రతిసారీ వాకాడు బాట మొదట నిలబడి, ఎవరిలోనన్నా మొగుడి నడక, ఆ ఎడమ భుజం వంపు కనబడతాయేమోనని చూసి, వెనక్కి పడవెక్కింది. ఏ మొహం పెట్టుకుని పోతుంది?

"ఈ మాట ఆయనకు చెబితే నమ్ముతాడా, అయివారూ?"

"నా పేరు చెప్పు. ఇంతకీ ఆయన పోయింది దీనికేనా?"

"ఏమో. అలిగేదానికి ఒకటి కావాల కదా."

తాడు మార్చుకోవడానికి పడవను ఒడ్డుకు చేర్చారు. ఆనందబాబు సంచిలోంచి రెండు అరటిపళ్లు తీశాడు. ఒకటి ఆమెకిద్దామని తలెత్తేసరికి ఎదుట ఎవరూ లేరు. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పెంచలమ్మ కాలవ గట్టున ఉత్తరానికి పోతోంది, విసవిసా.

"అమ్మా, మీ ఊరు ఇటు!" అని తాడు మనిషి కేకేశాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.