చర్చి మెట్ల మీద చెప్పులు

అరేబియా తీరంలోని డామన్‌లో ఏటికి అటొక కోట, ఇటొక కోట. రెండూ నడిచి తిరిగేసరికి కాళ్లు పీకడం మొదలుపెట్టాయి. పెద్ద కోటలోని పాత కెథడ్రల్ చర్చికి వెళ్లి, మా బాపట్ల అలవాటు కొద్దీ మెట్ల మీదే చెప్పులు విడిచాను. లోపల అందరూ బూట్లతోనే తిరుగుతున్నారు. నాకు సిగ్గేసింది. చెప్పులు పోతాయేమోనని భయం కూడా వేసి, త్వరగా బయటికొచ్చాను.

చెప్పులు ఉన్నాయి. వాటి పక్కనే కూర్చున్న ఒకతను నన్ను చూసి లేచాడు.

"మనోళ్లేనా అక్కా?"

ఆ తెలుగు విని తెల్లబోయాను. "అవునండి, బాపట్ల. ఎలా తెలిసింది?"

"ఇక్కడ చర్చి బయట చెప్పులిడిచేవాళ్లు లేరక్కా. మాది రేపల్లె దగ్గర. బోటు పనికొచ్చి ఏడు నెలలైంది. ఈ చెప్పులు చూసి, ఎవరో మనోళ్లు లోపలున్నారని కూర్చున్నా."

సాయం అడుగుతాడేమోనని పర్సు మీద చెయ్యేశాను. అతను నొచ్చుకున్నాడు.

"అయ్యో, అదేం వద్దక్కా. బోటులో తెలుగోణ్ణి నేనొక్కణ్ణే. కాసేపు మాట్లాడండి, చాలు."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా సరే. పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పండి."

నేను చెప్పులు తొడుక్కోలేదు. ఆ మెట్టు మీదే కూర్చుని, ఈ ఊళ్లో ఎక్కడా పెసరట్టు దొరకలేదన్న దగ్గర మొదలుపెట్టాను.