మున్నార్‌లో జమీలా గారి గది

1999లో విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ బట్టల దుకాణం మేడ మీద నాకో ట్రావెల్ ఆఫీసు ఉండేది. తిరుపతి, షిర్డీ యాత్రలే మాకు తిండి పెట్టేవి. ఆ సంవత్సరం జమీలా గారు వచ్చి మున్నార్ వెళ్లాలన్నారు. భవానీపురంలో తమ్ముడింట్లో ఉండేవారు. ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పి అప్పుడే రిటైరయ్యారు, పెళ్లి చేసుకోలేదు. మున్నార్ పక్కన ఇరవికులం నేషనల్ పార్కులో వరయాడు అనే కొండమేక ఉంటుంది. ఏటా దాని పాఠం చెప్పడమే గానీ ఒక్కసారీ కళ్లారా చూడలేదట.

ఎంతమందని అడిగితే, "నేనొక్కదాన్నేనండీ" అన్నారు.

ఆ మేకలు ఈనే రోజుల్లో పార్కు మూసేస్తారు. అందుకని ఆ రోజులు దాటాక వెళ్లేలా ప్లాన్ వేశాను. ఎర్నాకుళం దాకా రైలు, అక్కణ్ణుంచి కారు, నాలుగు రోజులకి హోటల్. వోచర్ కూడా తెప్పించి ఇచ్చాను. వోచర్ అంటే గది మనకే అని హోటల్ రాసిచ్చే కాగితం.

ఆవిడ మున్నార్ చేరిన మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది ఇవ్వరట, మగదిక్కు ఎవరైనా ఉంటే పిలిపించుకోమన్నారట. ఆవిడ గొంతు నిదానంగా ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అయినా నోటికొచ్చింది పాత అలవాటే.

"నేను మీ తమ్ముణ్ణని, రేపు వస్తున్నానని వాళ్లకి చెప్తానండీ."

"చెప్పకండి. అబద్ధమాడి గది తీసుకోవాల్సిన పని నాకు లేదు" అని పెట్టేశారు.

మేనేజరుకి ఫోన్ చేసి అరిచాను. వోచర్ ఇచ్చి, డబ్బు తీసుకుని, అరవైకి దగ్గరపడిన లెక్చరర్‌ని వాకిట్లో నిలబెడతారా అని అడిగాను. అతను తొణకలేదు. ఒంటరి ఆడవాళ్లని ఉంచితే లేనిపోని గొడవలొస్తాయన్నాడు. పైగా తప్పు నాదేనన్నాడు. "మీ ఫ్యాక్స్ చూసి మగమనిషనుకున్నాం" అన్నాడు. ఫోన్ ఠపీమని పెట్టేశాను.

గంటన్నర తర్వాత జమీలా గారే మళ్లీ చేసి గది ఇచ్చారని చెప్పారు. ఆవిడ కౌంటర్ మీద తెల్లకాగితం, పెన్ను పెట్టి, 'ఆడమనిషి ఒంటరిగా వచ్చింది కాబట్టి వోచర్ ఉన్నా గది ఇవ్వం' అని రాసి, సంతకం చేసి, స్టాంపు వేసి ఇమ్మన్నారట. మేనేజరు రాయనన్నాడట. అయితే రాసేదాకా కూర్చుంటానని రిసెప్షన్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్లు ఏమిటని అడిగితే అందరికీ ఓపిగ్గా చెప్పారు. చివరికి తాళంచెవి చేతికొచ్చింది.

తిరిగొచ్చాక ఆఫీసుకి వచ్చారు. టీ తెప్పించాను. వరయాడు ఒకటి చేయి చాస్తే అందేంత దగ్గరగా వచ్చి గడ్డి మేసిందని చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను ఆ హోటల్‌ని తిట్టడం మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపారు.

"ఫ్యాక్స్‌లో నా పేరు ఎలా రాశారు?"

"షేక్ జె., ఒక మనిషి అని."

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

తెలుసు. అంతకుముందు ఇద్దరు ఆడవాళ్లకి ఇలాగే జరిగింది. అందుకే పేరు పూర్తిగా రాయలేదు. చెబితే ప్రయాణం మానుకుంటారేమోనని దాచానన్నాను.

"మానుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది నేను కదండీ. ఆ మేనేజరు నా మొహం మీదే కాదన్నాడు. మీరు నాకు తెలియకుండా నా పేరే దాచేశారు."

టీ ముట్టుకోకుండానే వెళ్లిపోయారు.

ఆ రోజంతా మేనేజరు మీద కోపం నిలుపుకోవాలని చూశాను గానీ, అది తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. మర్నాటి నుంచి ప్రతి ఫ్యాక్స్‌లో పేరు పూర్తిగా, పక్కన 'ఒంటరి మహిళ' అని రాశాను. చాలా హోటళ్లు గదులు లేవన్నాయి. లేవన్న ప్రతి హోటల్ పేరూ అడగకముందే ప్రయాణికురాలికి చెప్పాను. కొందరు మానుకున్నారు. చాలామంది వెళ్లారు.