నా ఫోన్‌లో మా మరిది

కోటబొమ్మాళి బళ్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేది నేనే. ఉచితంగా వస్తోంది కదాని ఏదో ఆట దించుకుంటే మనం అడగని పేజీలు ఎలా తెరుచుకుంటాయో, మన మాటలు ఇంకొకరికి ఎలా చేరతాయో గొంతు చించుకుని చెబుతాను. చివరికి నా ఫోన్ దగ్గరే నాకు బుద్ధి లేకపోయింది.

మా చెల్లి మొగుడి దెబ్బలు ఓర్చుకోలేక ఇల్లు వదిలేసి, విజయనగరంలో స్నేహితురాలి దగ్గర తలదాచుకుంది. ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. ఒకరోజు ఆ మొగుడే, మా మరిది, నాకు ఫోన్ చేశాడు.

"ఏటొదినా, నెల్లిమర్ల దాకా ఎల్లి కూడా సెల్లిని సూడకుండా వచ్చీసినావట?"

విజయనగరం పక్కనే ఉన్న నెల్లిమర్లకి వెళ్లిన సంగతి నేను చెల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు, అదీ మెసేజ్‌లో.

ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నీ వెతికాను. ఫోన్‌తోపాటే వచ్చినదానిలా పెద్దమనిషి పేరు పెట్టుకుని ఒకటి కూర్చుని ఉంది. తీసేద్దామంటే వదలదు, ముందే ఫోన్ మీద అధికారం రాయించుకుంది. ఆ అధికారం ఊడదీశాకే పోయింది. కొన్నాళ్లకి మళ్లీ ప్రత్యక్షం. ఇలాంటివి చేలో తుంగలాంటివి, పైన పీకినా అడుగున గడ్డ మిగిలిపోతుంది. ఎక్కడో ఇంకో ముక్క దాక్కుని మళ్లీ మొలిపిస్తోందనుకున్నాను. తీశాను, వచ్చింది. మళ్లీ తీశాను, మళ్లీ వచ్చింది.

విసిగిపోయి ఒక ఆదివారం ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేశాను. ఫొటోలు కూడా పోయాయి, పోతే పోనీ. చెల్లి ఆ రోజే ఆడవాళ్ల హాస్టల్‌కి మారుతోంది. "ఫోన్ బాగైంది, అడ్రసు పంపు" అని మెసేజ్ పెట్టి, ఫోన్‌ని ఛార్జింగ్‌లో ఉంచి పిండి మరకి వెళ్లాను.

అమ్మా నేనూ ఉండే ఇంట్లో ఫోన్లకి తాళాలుండవు. ఒకసారి పెడితే, "తాళమెందుకే, కొంపలో దొంగలున్నారేటి?" అని అమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుంది.

తిరిగొచ్చేసరికి అరుగు మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ చూశాను. అదే పేరు, అదే చోట. అంతా చెరిపేశాక దానంతటది రాదు, ఎవరిదో చెయ్యి పడాలి.

"ఎవరొచ్చినారమ్మా?"

"అల్లుడే. టీ తాగీసి ఇప్పుడే ఎల్లిపోనాడు."

"నా ఫోన్ ఇచ్చినావా?"

"వచ్చినప్పుడల్లా అడుగుతాడు. లేదంతానేటి, అల్లుడు కదే! నీ సెల్లి గుంట ఎక్కడున్నాదో తెలిస్తే సాలు, బతిమాలి తీసుకెల్తానన్నాడు. దాని సంసారం బాగుపడద్దేటి?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ఆ దొంగకి టీ పెట్టి మరీ ఫోన్ ఇస్తున్నారు. అమ్మ మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. చెల్లి వీపు మీద వాతలకి వెన్న రాసింది తనే కదా! ఏదో అనబోయేలోగా ఫోన్ మోగింది. చెల్లి మెసేజ్. హాస్టల్ పేరు, వీధి, గది నంబరు. నాతోపాటే మరిదీ చదువుతూ ఉంటాడు.

పక్కింటికి పరుగెత్తి వాళ్ల ఫోన్‌తో చెల్లికి చేశాను.

"అక్కా, ఇప్పుడే పెట్టె దించినాను. గదికి కిటికీ కూడా ఉన్నాది," అంది. ఎన్నాళ్లకో దాని గొంతులో నవ్వు విన్నాను.

"పెట్టె ఎత్తుకో. ఇప్పుడే బయల్దేరు," అన్నాను. "ఈసారి ఎక్కడుంటావో నాకు కూడా చెప్పకు."